లోడ్ అంటే ఎక్కించడం

నా భార్య పదకొండేళ్లు నడిపిన పడవను నా అల్లుడు పోగొట్టాడు. ఇందులో అటూ ఇటూ ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివినవాళ్లు నాకు సర్దిచెప్పక్కర్లేదు.

పడవ అంటే నీళ్ల మీద తిరిగేది కాదు, వీడియో గేమ్‌లోది. మా అమ్మాయి చిన్నప్పుడు టీవీకి తగిలించే నల్లటి గేమ్ డబ్బా ఒకటి ఇంటికొచ్చింది, నాలుగు క్యాసెట్లతో. అమ్మాయికి రెండేళ్లలో మోజు తీరింది. నా భార్యకు తీరలేదు. నాలుగింటిలో ఒక్కటే పట్టుకుంది. ఒక నది, రెండు ఒడ్లా రేవులు, ఒక సరుకు పడవ. ఒక రేవులో ఎక్కించుకోవడం, ఇంకో రేవులో దించడం. చచ్చేదీ చంపేదీ ఏమీ ఉండదు. మధ్యాహ్నం పనులయ్యాక ఓ గంట ఆడేది. నేను వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పే చప్పుడుకు టీవీ ఆపేసేది. ఆపమని నేనెప్పుడూ అనలేదు. ఆడమనీ అనలేదు.

ఒకసారి మాత్రం అన్నాను. "నేను రోజంతా నిజం బస్తాలతో చచ్చి వస్తుంటే, నువ్వు ఇంట్లో కూచుని ఉత్తుత్తి బస్తాలు ఎత్తుతున్నావా?"

"నావి జారిపడవు" అంది.

నేను గోడౌన్‌లో ముప్పై నాలుగేళ్లు చేశాను. మొదట మోశాను, తర్వాత మోయించాను. కట్టిన ప్రతి తాడునూ నేను లాగి చూడందే లారీ కదిలేది కాదు. అందుకని తాడు మేస్త్రి అనేవాళ్లు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. బస్తాల మీదా చిట్టీల మీదా కనిపించే మాటలు మాత్రం చూసి చూసి వచ్చాయి.

ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ పన్నెండు రోజుల్లో నాతో చెప్పిన మాటలన్నీ ఇంటి పనుల గురించే. గ్యాస్ కట్టెయ్యమంది. మోటారు ఆపమంది. ఇంకేమైనా చెప్పాలనుకుందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

మా అమ్మాయి బస్సు డిపోలో టైం రాసే పని చేస్తుంది. ఒక సెలవు రోజున వచ్చి టీవీ కింద అర సర్దుతూ ఆ డబ్బా బయటకు లాగింది.

"ఇదేం చెయ్యను నాన్నా?"

"పారెయ్."

"ఒక్కసారి పెట్టి చూస్తా, ఉండు."

"నీ వయసెంత?"

"నీకంటె తక్కువే" అని వైర్లు తగిలించింది.

టీవీ మీద నీలం రంగు వచ్చింది, తర్వాత నది. పడవ ఒక రేవులో ఆగి ఉంది. పైన ఒక మూల ఎ, ఎమ్, ఎమ్, ఎ అని నాలుగక్షరాలు. అమ్మాయి వాటి మీద వేలు పెట్టింది.

"అమ్మ. ఇది నేనే కొట్టిచ్చాను. మొదట్లో తనకి బటన్లు తెలిసేవి కాదు. నాన్నా, ఇది అమ్మ ఆపిన చోటే! ఆఖరిసారి ఎక్కడ ఆపిందో అక్కడే ఉంది."

అంటూ ముక్కు తుడుచుకుని నీళ్లు తాగడానికి వంటింట్లోకి పోయింది. నేను తెర ముందు కూర్చున్నాను. అడుగున ఇంకో వరస ఉంది. మొదటి మాట ఐదక్షరాలు: ఇ, ఎమ్, ఎ, ఎన్, డి. కూడబలుక్కుని చదివాను. ఎమాండ్. దాని పక్కన ఉన్న మాట నాకు బాగా తెలుసు. లారీ గేటు దగ్గర నిలబడితే మా చిట్టీ మీద అదే రాసేవాళ్లు. వెయిటింగ్. దాని పక్కన 212, రోజులు కాబోలు.

ఎమాండ్ వెయిటింగ్, 212.

అమ్మాయి తిరిగొచ్చింది. నేను అడగలేదు. ఎలా అడుగుతాను? మీ అమ్మ కోసం కాచుకుని ఉన్న ఆ మగాడెవడు అని కూతుర్ని ఏ తండ్రి అడుగుతాడు? ఆట గురించి అడిగినట్టు వేరేది అడిగాను.

"ఈ పడవలో ఒక్కరే ఉంటారా?"

"ఇద్దరుంటారు. మనం, మన తోడు. ఆ తోడుని ఎక్కడైనా దించెయ్యొచ్చు. మళ్లీ వెళ్లి ఎక్కించుకోవాలి. అంతవరకు అక్కడే నిలబడి ఉంటాడు."

"తోడు పేరు ఆట వాళ్లు పెడతారా, మనం పెడతామా?"

"ఏమో, గుర్తులేదు. ఎందుకు?"

"ఊరికే."

అంతలో తెర మీద అడ్డంగా గీతలు పడ్డాయి. డబ్బా జుయ్యిమని మూలిగింది. అమ్మాయి గబుక్కున ప్లగ్గు పీకేసింది.

అల్లుడిది ఫోన్లు బాగుచేసే షాపు. అతనికి పాత గేములంటే పిచ్చి. అరచేతికంటె కొంచెం పెద్దదైన ఒక గేమ్ మెషిన్ జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ముప్పై ఏళ్ల నాటి డబ్బాల ఆటలన్నీ అందులో ఆడతాడు. పెళ్లిచూపుల నాడు కూడా అది జేబులోనే ఉందని మా అమ్మాయే చెప్పింది. ఆ రోజే నాకు అర్థం కావాల్సింది.

నేను డబ్బా, క్యాసెట్ సంచిలో వేసుకుని షాపుకు వెళ్లాను. అతను డబ్బా విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. క్యాసెట్ వెనక మరలు తీశాడు. లోపల చిన్న గుండీలాంటి బ్యాటరీ ఉంది. మీటర్ తీగలు పెట్టి చూశాడు.

"మావయ్యా, మంచిపని చేశారు తెచ్చి. ఇది రేపో మాపో అన్నట్టుంది. ఇది పోతే అత్తయ్య ఆట పోతుంది."

"ఆట క్యాసెట్‌లో ఉంది కదా?"

"ఆట ఉంటుంది. అత్తయ్య ఆడింది ఉండదు. ఆడిందంతా ఈ బ్యాటరీ పట్టుకుని ఉంది."

"పదకొండేళ్లదీ?"

"పదకొండేళ్లదీ."

గుండీ వంక చూశాను. దానికంటె పెద్ద గుండీలు నా చొక్కాకు ఉన్నాయి.

అతను చెప్పింది ఇది. క్యాసెట్‌ను చదివే పరికరం ఒకటుంది. దానితో ఆటనూ, ఆడిందాన్నీ కాపీ తీస్తాడు. ఆ కాపీ చేతి మెషిన్‌లో పెడతాడు. క్యాసెట్‌కు కొత్త బ్యాటరీ వేసి, ఆడింది తిరిగి అందులోకి ఎక్కిస్తాడు.

"చేతి మెషిన్‌లో ఆ నల్ల డబ్బా ఎలా పడుతుంది?"

"డబ్బా ఉండదు. డబ్బాలా నటించే ప్రోగ్రాం ఉంటుంది. ఎమ్యులేటర్ అంటారు."

"నటిస్తుందా?"

"అవును."

"మరి ఆట? అదీ నటనేనా?"

"కాదు కాదు, ఆట అసలుదే. దానికి ఈ తేడా తెలియదు. పాత డబ్బాలోనే ఉన్నాననుకుంటుంది."

"అంటే దాన్ని మోసం చేస్తున్నావన్నమాట."

అల్లుడు నవ్వాడు. పక్క కౌంటర్‌లో ఫోన్లకు గాజు అంటించే అమ్మాయి కూడా నవ్వింది. నేను నవ్వడానికి అనలేదు. నాకు నిజంగా అర్థం కాలేదు. ఆమె ఆడింది కాపీ తీస్తే, ఆమె ఆడింది రెండు చోట్ల ఉంటుంది. అందులో ఆమె చెయ్యి తగిలింది ఏది? చిట్టీకి కార్బన్ పెడితే కిందిది కాపీ అని కళ్లకు కనిపిస్తుంది, నీలంగా, మసగ్గా. ఇక్కడ ఏదీ మసగ్గా ఉండదట.

"ఎమాండ్ అనేది ఏ దేశం పేరు?" అని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఎవరు?"

"ఆటలో ఉన్నాడు."

"ఆ ఆట చేసిన దేశం పేరై ఉంటుంది మావయ్యా" అన్నాడు, తల ఎత్తకుండా మరలు బిగిస్తూ. చూడలేదు. చూసి చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేది. ఇది అతని మొదటి తప్పు.

కాపీ తీశాక, "ఒకటి నా కంప్యూటర్‌లో కూడా ఉంచుతాను, ఎందుకైనా మంచిది" అన్నాడు.

"వద్దు."

"ఊరికే ఫైలు మావయ్యా, ఆవగింజంత."

"ఊళ్లోవాళ్ల ఫోన్లన్నీ పడుండే చోట నా భార్యది ఎందుకు? తీసెయ్."

"ఎవరూ చూడరండీ."

"నా ముందు తీసెయ్."

తీసేశాడు. నేను తెర మీద చూశాను. నేను అలా ఎందుకన్నానో మీకు తెలుసు. 212 రోజులుగా ఆమె కోసం నిలబడ్డవాడిని అతను చూడడం నాకు ఇష్టం లేదు.

క్యాసెట్‌కు కొత్త బ్యాటరీ వేశాడు. పాతది తీయగానే లోపలిదంతా పోయిందట. తిరిగి ఎక్కించడం సోమవారం చేస్తానన్నాడు, ఎవరో ఫోన్ కోసం నిలబడి ఉన్నారని. అది రెండో తప్పు. ఆ సోమవారం రాలేదు.

చేతి మెషిన్ నా చేతిలో పెట్టి నేర్పించాడు. ప్లస్ గుర్తు బటన్‌తో పడవ కదుల్తుంది. రేవు తగిలితే ఆటే రాసుకుంటుంది. మనం ఏమీ నొక్కక్కర్లేదు. ఆపేసి పడుకోబెట్టడమే.

"ఈ పక్కన ఒక బటన్ ఉంది చూడండి, ఇది నొక్కితే మెనూ వస్తుంది. దీని జోలికి పోకండి."

"ఎందుకు?"

"మీకు అక్కర్లేదు."

అక్కర్లేని బటన్ మెషిన్‌కు ఎందుకుందో చెప్పలేదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ రేవుకు పోవాలి. వాడెవడో చూడాలి. పైన చిన్న నది బొమ్మ ఉంటుంది, అందులో వాడున్న రేవు దగ్గర చుక్క మినుకు మినుకుమంటుంది. మా పడవ నుంచి తొమ్మిది రేవులు ఎగువకు. దిగువకు పోవడం తేలిక, ఎగువకు పోవడం చావు. రాళ్లుంటాయి, సుడులుంటాయి. రాయి తగిలితే పడవ బాగుచేసుకోవడానికి రెండు రోజులు. ఆట రోజులు.

మొదటి రోజు ఒక్క రేవు దాటడానికి గంటన్నర పట్టింది. నా బొటనవేళ్లు తాళ్లు లాగి మొద్దుబారినవి. ప్లస్ గుర్తు మీద నాలుగు వైపులూ ఒకేసారి నొక్కుకుపోతాయి. పడవ అక్కడే గిరగిరా తిరిగింది. రెండో రోజు సరుకు గది తెరిచి చూశాను. బరువైన పెట్టెలు మధ్యలో, తేలికవి అంచుల్లో, పగిలేవి వెనక, వాటి మీద ఏదీ లేకుండా. లారీకి నేను ఎక్కించే పద్ధతి అది. హమాలీలకు చెప్పి చెప్పి విసిగిపోయి, ఇంటికొచ్చి అన్నం తింటూ వాళ్లను తిట్టేవాణ్ని. ఆమె తల వంచుకుని వడ్డించేది. విన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు.

ఆ పెట్టెలను నేను కదపలేదు.

నాకు ఇంకోటి అర్థం కాలేదు. నేను దగ్గరవుతున్న కొద్దీ అంకె పెరుగుతోంది. 213. 215. రాయి తగిలిన రోజు 218. మనం ఆడితేనే ఆటలో రోజు గడుస్తుంది. ఆట ఆపితే రోజూ ఆగుతుంది. అంటే ఆమె ఆపాక పద్నాలుగు నెలలు అతనికి లెక్క కాదు. ఆమె నడిపిన రోజులే లెక్క. అంటే వాణ్ని దించాక రెండువందల పన్నెండు రోజులు ఆమె ఎగువకూ దిగువకూ సరుకు తిప్పుతూనే ఉంది, వాణ్ని ఎక్కించుకోకుండా. అంతగా కావలసినవాడైతే ఎందుకు ఎక్కించుకోలేదు? అక్కర్లేనివాడైతే పేరెందుకు పెట్టింది? వాడి మీద నాకు కోపం వచ్చింది. తర్వాత వాడి తరఫున ఆమె మీద వచ్చింది. ఇది ఏ రకం కోపమో నాకు ఇప్పటికీ తెలియదు.

పదకొండో రోజున ఎనిమిదో రేవు దాటాను. సాయంత్రం ఐదు. ఇంకొక్క రేవు. వంపు తిరిగాను, ఒడ్డు కనిపించింది. ఒడ్డు మీద ఒక మనిషి బొమ్మ, గోరంత, కూడా కనిపించింది. అప్పుడు మెషిన్ మూల ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగి ఆరడం మొదలైంది. చార్జింగ్ వైర్ అమ్మాయి పట్టుకుపోయింది, తన ఫోన్‌దనుకుని. అది నది మధ్య. రేవు తగల్లేదు కాబట్టి ఆట రాసుకోదు. ఆగిపోతే ఎనిమిదో రేవు నుంచి మళ్లీ రావాలి. ఆ సుడి మళ్లీ దాటాలి.

మెనూ తెరిచాను.

వరసలు చాలా ఉన్నాయి. చదవగలిగినవి రెండు. మొదటిది ఎస్, ఎ, వి, ఇ. సావే. సావు మాటలాగుంది, దాన్ని వదిలేశాను. దాని కింద ఎల్, ఓ, ఎ, డి. ఆ మాట నాకు నా పేరుకంటె బాగా తెలుసు. ముప్పై నాలుగేళ్లు ప్రతి చిట్టీ మీదా అదే. సరుకు ఎక్కించి, పట్టా కప్పి, తాడు లాగి చూసి, గుమాస్తా ఆ మాట రాసి ముద్ర వేస్తే ఇక దిగుల్లేదు. సరుకు భద్రం. బాధ్యత తీరింది. ఇంటికి పోవచ్చు.

లోడ్ నొక్కాను. తెర ఒక్కసారి మిణుక్కుమంది. చార్జింగ్ అయిపోతుందని, ఏం వచ్చిందో చూడకుండానే మెషిన్ ఆపేశాను. హాయిగా ఉంది. ఆ పూట కడుపునిండా తిన్నాను.

మర్నాడు పొద్దున అమ్మాయి ఇంటికి పోయి వైర్ తెచ్చుకుని పెట్టి తెరిచాను. పడవ కొత్తది. చిన్నది, తెడ్డు పడవ, సరుకు గది ఖాళీ. దిగువన మొట్టమొదటి రేవులో ఉంది. రోజు ఒకటి. మూలన ఎ, ఎ, ఎ, ఎ, ఎ. కింద తోడు పేరు కూడా ఎ, ఎ, ఎ, ఎ, ఎ. వెయిటింగ్ లేదు. తోడు పడవలోనే కూచుని ఉన్నాడు, ఎర్ర టోపీతో, నా వంక చూస్తూ.

నడుచుకుంటూ షాపుకు వెళ్లాను. బస్సు ఎక్కాలని తోచలేదు.

"అల్లుడుగారూ" అన్నాను. నేను అతన్ని గారూ అంటే ఏంటో అతనికి తెలుసు. చేతిలో పట్టకారు కింద పెట్టేశాడు. "నా భార్య పడవ మీ దగ్గరేమైనా ఉండిపోయిందాండీ? వేరేవాళ్లది నాకిచ్చినట్టున్నారు."

తీసుకుని చూశాడు. అతని మొహం మారింది. ఏవో తెరిచాడు, మూశాడు.

"ఇది నిన్న సాయంత్రం ఐదు పదికి రాసుకుంది. మావయ్యా, మెనూ తెరిచారా?"

"తెరిచాను."

"ఏం నొక్కారు?"

"లోడ్."

"అయ్యో, లోడా! ఎందుకండీ?"

"భద్రం చేద్దామని."

"లోడ్ అంటే భద్రం చెయ్యడం కాదు, మావయ్యా. లోడ్ అంటే లోపలున్నది బయటికి దించడం."

"లోడ్ అంటే దించడమా?"

"అవునండీ."

"లోడ్ అంటే దించడమైతే ముప్పై నాలుగేళ్లు నేనేం చేశాననుకుంటున్నావు? ఎక్కించడం లోడ్. దించడం అన్‌లోడ్. ఏ హమాలీనైనా పిలిచి అడుగు. గుడ్డివాడైనా చెబుతాడు."

గాజు అంటించే అమ్మాయి ఈసారి నవ్వలేదు. గాజు వంకరగా అంటించి మళ్లీ పీకుతోంది.

అల్లుడు మా అమ్మాయికి ఫోన్ చేశాడు. డిపో పక్క వీధిలోనే. పది నిమిషాల్లో వచ్చింది, మెడలో విజిల్‌తోనే. అతను చెప్పింది నాకు ఎక్కలేదు. ఆమె చెప్పింది కొంచెం ఎక్కింది.

"నాన్నా, సేవ్ అంటే ఇంటికి ఫొటో తీసి పెట్టుకోవడం అనుకో. లోడ్ అంటే ఆ ఫొటోలో ఎలా ఉందో ఇల్లంతా అలా సర్దెయ్యడం. ఫొటోలో లేని సామాను బయట పారేస్తుంది. ఈయన నీకిచ్చే ముందు మెషిన్ పనిచేస్తుందో లేదో చూడ్డానికి కొత్త ఆట పెట్టి, పేరు అడిగితే ఎ ఎ ఎ అని ఏదో కొట్టి, ఒక ఫొటో తీశాడు. తర్వాత అమ్మది పెట్టాడు. ఆ ఫొటో తీసెయ్యడం మరిచిపోయాడు. నువ్వు లోడ్ కొట్టావు. అది ఆ ఫొటో ప్రకారం సర్దేసింది. అమ్మది రాసున్న చోట కూడా దాన్నే రాసేసింది."

"మరి క్యాసెట్?"

అల్లుడు నేల చూశాడు. "ఎక్కిద్దామనే అనుకున్నానండీ. ఈ వారం..."

"కంప్యూటర్‌లోది?"

అల్లుడు నా వంక చూశాడు. అది తీసెయ్యమన్నది ఎవరో మా ముగ్గురికీ తెలుసు.

"తప్పు నాదే మావయ్యా" అన్నాడు అల్లుడు.

"నీదే."

"ఆయనది ఒక్కడిదే ఎలా అవుతుంది నాన్నా?" అంది అమ్మాయి. "మెనూ జోలికి పోవద్దని చెప్పాడా లేదా?"

"నా బేలో, అంటే నేను సరుకు పేర్చే చోట, ఇంకొకడు తన బస్తాలు వదిలిపోతే, వాటి మీదికి నా బస్తాలు కూలితే, తప్పు వదిలిపోయినవాడిది. ఏ గోడౌన్‌లోనైనా అంతే. నన్నడగకు, వెళ్లి కనుక్కో."

"ఇది గోడౌన్ కాదు!"

"మరి లోడ్ అని ఎందుకు రాశారు?"

ఆమె తల పట్టుకుంది. షాపు బయట ఎవరో పగిలిన ఫోన్ పట్టుకుని నిలబడి మా వంక చూస్తున్నారు. అల్లుడు తర్వాత రమ్మని చెయ్యి ఊపాడు.

"అయినా నీకెందుకు నాన్నా అంత? పారెయ్ అన్నది నువ్వే కదా. ఉన్నచోట ఉంచుకుని చూసుకోవాల్సింది. నడపమని ఎవరన్నారు?"

అప్పుడు నోరు జారింది.

"ఆ ఎమాండ్ ఎవడో నాకు తెలియాలి. అందుకు నడిపాను. రెండువందల రోజుల నుంచి మీ అమ్మ కోసం నిలబడ్డవాడెవడో ఒక్కసారి మొహం చూద్దామని. ఒక్క రేవు దూరంలో ఉన్నాను. ఒడ్డు మీద కనిపించాడు కూడా."

"ఎమాండ్ ఏంటి?"

చెప్పాను. ఇ, ఎమ్, ఎ, ఎన్, డి. ఆమె గాలిలో వేలితో రాసుకుంది. ముందు నవ్వు వచ్చింది ఆమెకు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి తియ్యలేదు.

"నాన్నా, ఆ ఆటలో పేరుకి ఐదక్షరాలే పడతాయి. ఇంకో అక్షరం ఉండాలి. పట్టలేదు. చివర ఐ పెట్టి చదువు."

చదివాను.

"ఏమండీ" అంది అమ్మాయి. "అది నువ్వే. తోడు పేరేంటని ఆట అడిగితే నీ పేరు కొట్టలేక, పిలిచేదే కొట్టింది."

ముప్పై ఒక్క ఏళ్లు ఆమె నన్ను అలాగే పిలిచింది. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు. వంటింట్లోంచి, మెట్ల మీద నుంచి, పక్క గదిలోంచి. నేను సగంసార్లు పలికేవాణ్ని కాదు. పలికితే "ఏంటి" అనేవాణ్ని. ఇంగ్లీషులో అది ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. నన్ను నేను చూసి ఎవడో అనుకున్నాను. పదకొండు రోజులు నా మీద నేనే కోపంగా ఉన్నాను. ఇంకొకడైతే నవ్వుకునేవాడేమో. నాకు నవ్వు రాలేదు. అల్లుడు స్టూలు జరిపాడు. కూర్చోలేదు.

"మరి నన్నెందుకు దించింది?" అన్నాను.

వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు.

"ఆ ఆటలో తోడుని దించితే..." అని అల్లుడు మొదలుపెట్టి ఆగాడు.

"చెప్పు."

"బరువు తగ్గుతుందండీ. ఇంకో నాలుగు పెట్టెలకి చోటొస్తుంది. పడవ కొంచెం వేగంగా పోతుంది. అందరూ అలాగే చేస్తారు. ఆటలో ఒక లెవెల్ దాటాక తోడు అవసరం ఉండదు."

"నోర్ముయ్యి" అంది మా అమ్మాయి అతన్ని. పెళ్లయ్యాక ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. తర్వాత నా వైపు తిరిగింది. "అలా ఏం కాదు నాన్నా. సరుకుకి కాపలా కూడా పెడతారు. మంచి సరుకున్న చోట నమ్మకమైనవాణ్ని దించుతారు. అమ్మ అందుకే దించి ఉంటుంది."

"నువ్వు చూశావా?"

"లేదు."

"ఆ రేవులో సరుకుందా?"

"నాకెలా తెలుస్తుంది?"

నాకూ ఎలా తెలుస్తుంది? రేవు చేరి ఉంటే తెలిసేది. ఒడ్డున వాడి పక్కన పెట్టెలుంటే కాపలా. లేకపోతే బరువు. చూస్తే తేలిపోయే సంగతి. వంపు తిరిగాక ఒడ్డు మీద మనిషిని చూశాను గాని పక్కన ఏమైనా ఉందో లేదో చూడలేదు. బ్యాటరీ వంక చూశాను. గుర్తు తెచ్చుకుందామని చాలాసార్లు కళ్లు మూసుకున్నాను. ఒకసారి పెట్టెలు కనిపిస్తాయి, ఒకసారి కనిపించవు. కళ్లు మూసుకుంటే కనిపించేదాన్ని నేను నమ్మను.

నేను పలకని సగంసార్లు ఆమె నాకు ఏం చెబుదామని పిలిచింది? అదీ తెలియదు. ఉప్పు తెమ్మనో, మోటారు ఆపమనో అయి ఉంటుంది. కాకపోయి కూడా ఉంటుంది.

అల్లుడు మరుసటి ఆదివారం ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. కొత్తగా ఒక ఆట మొదలుపెట్టి, అవే పేర్లు పెట్టి, పడవను పైకి తీసుకొచ్చి, ఆ రేవులోనే తోడుని దించి పెట్టాడట. నాలుగు రోజులు కూర్చుని చేశాడట. సరిగ్గా అలాగే ఉంటుందట. అంకె కూడా 212కి తెస్తాడట, కొంచెం టైం ఇస్తే.

"ఆ రేవులో నువ్వెందుకు దించావు?" అన్నాను.

"ఏంటండీ?"

"కాపలాకా, బరువుకా?"

"ఊరికే దించానండీ. మీరన్నారని."

"అదే."

అతనికి అర్థం కాలేదు. మెషిన్ గట్టు మీద పెట్టబోయాడు. పట్టుకుపొమ్మన్నాను. పట్టుకుపోయాడు. అది మంచి ఉద్దేశమని మా అమ్మాయి ఫోన్‌లో గంటసేపు చెప్పింది. ఉద్దేశం మంచిదే అయి ఉంటుంది. నేను క్షమించలేదు. క్షమించడానికి అందులో నా వాటా ఎంతో నాకు తేలాలి కదా, అది తేలలేదు.

ఇప్పుడు అతను ఇంటికొస్తే టీ ఇస్తాను. ఎండల గురించి మాట్లాడుకుంటాం. ఫోన్ నెమ్మదిస్తే అతని చేతే బాగుచేయించుకుంటాను. ఈ సంగతి మాత్రం అతను ఎత్తబోతే లేచి లోపలికి పోతాను. మా అమ్మాయి ఎత్తినా అంతే. మనసులో పెట్టుకోకు, మాట్లాడితే తేలికపడుతుంది అని ఆమె అంటుంది. నాకు తేలిక అక్కర్లేదు. రాయమని ఆమె పోరగా పోరగా రాశాను, ఒక్కసారికి, ఇదే. చదివి ఎవరైనా అడిగితే నాకు వినపడదు. ఇక దీని గురించి ఎవరితోనూ, ఎప్పుడూ, ఒక్క ముక్క మాట్లాడను.